డ్రైయర్ వేస్తే ఇల్లంతా చీకటి, ఎలక్ట్రీషియన్ మాత్రం ఫ్రిజ్‌దే తప్పంటున్నాడు

నిజాంపేట_శ్రీ · శుక్రవారం, రాత్రి 9.42

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఇంట్లో ఒకటే టెన్షన్. బట్టలారబెట్టే డ్రైయర్ వేసిన పన్నెండు, పదమూడు నిమిషాలకు టప్‌మని ఇల్లంతా ఆరిపోతోంది.

మాది నిజాంపేటలో మూడో అంతస్తు. ఫ్లాట్ కట్టి తొమ్మిదేళ్లు, డ్రైయర్ కొని మూడున్నరేళ్లు. వేడిగాలిని పైపుతో బయటికి తోసే రకం, 6 కిలోలది. యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన ఉంటుంది. ఎండాకాలమంతా దాని జోలికి పోలేదు. బాబుకి ఎనిమిది నెలలు, ఈ ముసురులో లంగోటీలు ఆరక మళ్లీ మొదలుపెట్టాం.

డీబీలో, అంటే ఇంటి స్విచ్‌లన్నీ ఉండే పెట్టెలో, పడేది పెద్ద స్విచ్ ఒక్కటే. దాని మీద 40 ఏ, 0.03 ఏ అని రాసుంది, పక్కన టెస్ట్ అని చిన్న బటన్. చిన్న స్విచ్‌లేవీ పడవు. అసలు చిక్కేమిటంటే, పడ్డాక డ్రైయర్ స్విచ్ ఆపేసినా పెద్ద స్విచ్ నిలబడదు. ఎత్తిన రెండు సెకన్లకే మళ్లీ పడుతుంది. కాసేపాగితే ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది.

మొన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆయన ముందే డ్రైయర్ వేశాం, పడింది. చిన్న స్విచ్‌లన్నీ దించి పెద్దది ఎత్తాడు, నిలబడింది. ఒక్కోటీ ఎత్తుకుంటూ వచ్చాడు. ఫ్రిజ్ ఉన్నది ఎత్తి ఫ్రిజ్ గుర్రుమందో లేదో, పెద్దది పడింది. ఫ్రిజ్ ప్లగ్ పీకి కాసేపు అటూ ఇటూ చూసి మళ్లీ ఎత్తితే నిలబడింది. "మేడం, ఫ్రిజ్‌లో లీకేజీ, డ్రైయర్‌కు ఏం కాలేదు" అని తేల్చేశాడు. ఫ్రిజ్ కొని ఏడాది కూడా కాలేదు. పైగా ఆ రాత్రంతా అదే ఫ్రిజ్ హాయిగా నడిచింది, ఏదీ పడలేదు.

పోతూ పోతూ ఇంకో సలహా. "ఆ పెద్ద స్విచ్ తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా, 500 ఇవ్వండి, ఇక జన్మలో పడదు" అన్నాడు. అత్తయ్య సరేననేశారు. నేనే ఆపాను.

కంపెనీ సర్వీసతను వచ్చి హీటర్‌కు మెగ్గర్ (లీకేజీ ఉందో లేదో చూసే మీటర్) పెట్టి చూసి బాగుందన్నాడు. డ్రైయర్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలట, 9,800. మార్చినా ఆగుతుందా అంటే చూద్దాం మేడం అన్నాడు.

ఎవరి మాట వినాలి?

కొంపల్లి_కుర్రాడు · శుక్రవారం, రాత్రి 9.58

40 చాలట్లేదు అక్కా. 63 ఏ వేయించండి, దెబ్బకి సెట్.

మల్కాజిగిరి_వదిన · శుక్రవారం, రాత్రి 10.11

బాబూ, లోడు ఎక్కువై పడాల్సింది ఎంసీబీ, అంటే ఆ చిన్న స్విచ్‌లు. ఆవిడ వాటిలో ఒక్కటీ పడలేదని మొత్తుకుంటోంది కదా. పడుతున్న ఆ పెద్దది ఆర్‌సీసీబీ. 40 అనేది అది మోయగలిగే కరెంటు. 0.03 అనేది అది భరించే లీకేజీ, అంటే 30 మిల్లీ యాంప్స్. 63 వేసినా 0.03 అలాగే ఉంటుంది, అలాగే పడుతుంది.

శ్రీ గారూ, డ్రైయర్ ఏ ప్లగ్‌లో పెట్టారు? మా మరిది ఇలాగే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టి నడిపాడు. 2,000 వాట్లంటే దాదాపు 9 యాంప్స్, గంటసేపు ఆగకుండా. బాక్స్ లోపల పిన్నుల దగ్గర ప్లాస్టిక్ కరిగి అప్పడంలా అయింది. చేపల కూర మాడినట్టు వాసన వచ్చేదాకా ఎవరికీ తెలీలేదు.

నిజాంపేట_శ్రీ · శుక్రవారం, రాత్రి 10.20

16 యాంప్స్ పవర్ ప్లగ్ వదిన గారూ, గోడకే డైరెక్ట్‌గా. ప్లగ్ టాప్ చూశాను, నలుపు ఏమీ లేదు.

ఉప్పల్_మెకానిక్ · శుక్రవారం, రాత్రి 10.47

అక్కా, బోర్డు ఇప్పుడే మార్పియ్యకు. పద్నాలుగేండ్ల సంది ఇదే పని నాది. డ్రైయర్ కేసుల నేను ముందుగాల అడిగేది ఒక్కటే, ఎప్పుడు పడుతుంది?

ప్లగ్ పెట్టంగనే పడితే వైరు, లేకుంటే కరెంటు లోపలికి వచ్చే కాడ ఉండే ఫిల్టర్. స్టార్ట్ నొక్కంగనే, డ్రమ్ము కదలంగనే పడితే మోటారు, లేకుంటే తిరిగేటప్పుడు అంచుకు రాసుకుని తొక్క పోయిన వైరు. నీళ్లను ట్యాంకులకు పంపే రకం అయితే పంపు కాడ కారుతుండొచ్చు, మీది ఆ రకం కాదు. పది పదిహేను నిమిషాలు బాగనే తిరిగి, వేడెక్కినంక పడితే వందల తొంభై నేను హీటరే అంటా.

ఒక పని చెయ్యి. చల్లగాలి ప్రోగ్రాం ఉంటది చూడు. తడిబట్టలే వేసి అరగంట తిప్పు. మోటారు, బెల్టు, బోర్డు అన్నీ నడుస్తయి, ఒక్క హీటర్ తప్ప. పడ్డదా లేదా చెప్పు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్ · శుక్రవారం, రాత్రి 11.30

నాదో అనుమానం. ఇప్పుడు ఇళ్లలో చాలా వస్తువులకు లోపల కరెంటు ఫిల్టర్ ఉంటుంది. కంప్యూటర్, వాషింగ్ మెషీన్, ఎల్‌ఈడీ లైట్లు, ఒక్కోటీ కాస్త కాస్త కరెంటు ఎర్త్‌లోకి వదులుతుంటాయి. అదేమీ జబ్బు కాదు, వాటి తీరే అంత. 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ సరిగ్గా 30 దగ్గరే పడాలని లేదు. 15 దాటితే ఎప్పుడైనా పడొచ్చు. ఇల్లంతటికీ ఒకటే ఉంటే అన్ని చుక్కలూ కలిసి కుండ నిండినట్టు. డ్రైయర్‌ది చివరి చుక్క అయ్యుండొచ్చు. 100 మిల్లీ యాంప్స్‌ది పెట్టుకుంటే సరిపోదా?

మెగ్గర్_మాస్టారు · శనివారం, ఉదయం 5.50

కరెంటు డిపార్టుమెంటులో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. వాకింగుకు పోదామంటే వాన, అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

నైట్‌షిఫ్ట్ గారూ, కుండ నిండటం నిజమే. కానీ పసిబిడ్డ ఉన్న ఇంట్లో 100 పెట్టమనకండి. 30 పెట్టేది మనిషి కోసం, 100 పెట్టేది వైరింగుకు నిప్పు అంటుకోకుండా. రెండింటి పనీ వేరు. ఆ 30 వాడు, తనకు చెప్పినంత లీకేజీ కనబడితే సెకనులో మూడో వంతు లోపే తెంపేయాలి. మనిషికి గట్టిగా తగిలినంత కరెంటైతే ఇంకా వేగంగా తెంపుతాడు. తీసేస్తానన్న పెద్దమనిషికి 500 కాదు, మంచినీళ్లు కూడా ఇవ్వకండి.

ఇక ఫ్రిజ్ సంగతి. అమ్మా శ్రీ, నీ పోస్టులో అన్నిటికన్నా విలువైన మాట నువ్వు పక్కన పడేసినట్టు రాశావు: "డ్రైయర్ స్విచ్ ఆపేసినా నిలబడదు, కాసేపాగితే నిలబడుతుంది."

మన గోడ స్విచ్ తెంపేది కరెంటు తెచ్చే ఫేజ్ వైరు ఒక్కదాన్నే. కరెంటు తిరిగి పోయే న్యూట్రల్ వైరు స్విచ్ దాకా పోనే పోదు, నేరుగా ప్లగ్‌లోకి వెళ్తుంది. డీబీలో చిన్న ఎంసీబీలు కూడా చాలా ఇళ్లలో ఫేజ్‌నే తెంపుతాయి. అంటే నువ్వు స్విచ్ ఆపినా, ఎంసీబీ దించినా, డ్రైయర్ న్యూట్రల్ ఇంటి న్యూట్రల్‌ను పట్టుకునే ఉంటుంది. ఇప్పుడు డ్రైయర్ లోపల న్యూట్రల్ వైపు ఎక్కడో రేకుకు తగిలిందనుకో. రేకంటే ఎర్త్. ఇంట్లో వేరే ఏ వస్తువు నడిచినా దాని కరెంటు తిరిగి పోయేటప్పుడు రెండు దార్లు దొరుకుతాయి, ఎక్కువ భాగం న్యూట్రల్‌లో, కొంత డ్రైయర్ మీదుగా ఎర్త్‌లోకి. ఆర్‌సీసీబీ పనేమిటి? పోయిన కరెంటూ వచ్చిన కరెంటూ లెక్క సరిచూడటం. వచ్చింది తక్కువైతే పడిపోతుంది.

ఫ్యాన్లూ లైట్లూ ఎత్తినప్పుడు ఆ తేడా చాలదు. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు గట్టిగా లాగుతుంది, తేడా బయటపడుతుంది. దొంగ డ్రైయర్, పట్టుబడింది ఫ్రిజ్. ఫ్రిజ్ ప్లగ్ పీకి ఆయన అటూ ఇటూ చూసేలోపు డ్రైయర్ చల్లారింది, తగిలింది విడిపోయింది. మళ్లీ ఎత్తితే నిలబడింది. పాపం, ఫ్రిజ్ మీద కేసు రుజువైపోయింది.

స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకాలి. ఈసారి పడిన వెంటనే డ్రైయర్ ప్లగ్ పీకి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి పెద్దది ఎత్తి చూడు.

పర్యవేక్షణ · శనివారం, ఉదయం 8.15

ఎవరో తమ బావమరిది ఎలక్ట్రీషియన్ అంటూ ఫోన్ నంబరు పెట్టారు, తీసేశాం. నంబర్లు ఇక్కడ వద్దు. అలాగే "ఎర్త్ పిన్ను విరిచేస్తే పడదు" అన్న పోస్టు కూడా తీసేశాం. నిజమే, పడదు. ఆ కరెంటంతా మెషీన్ రేకు మీద కూర్చుని ముట్టుకునేవాళ్ల కోసం చూస్తుంటుంది. దయచేసి అలాంటివి సరదాకు కూడా రాయకండి.

నిజాంపేట_శ్రీ · శనివారం, మధ్యాహ్నం 1.05

రెండూ చేశాను.

చల్లగాలిలో 35 నిమిషాలు తిప్పాను. ఏమీ పడలేదు. మధ్యలో కావాలనే ఫ్రిజ్ తలుపు తీసి ఉంచాను కంప్రెసర్ మొదలవ్వాలని (అత్తయ్య చూపు చూడాల్సింది). అయినా పడలేదు.

తర్వాత వేడిలో పెట్టాను. సరిగ్గా 12 నిమిషాలకు పడింది. గోడ స్విచ్ ఆపి ఎత్తాను, నిలబడలేదు. ప్లగ్ పీకి ఎత్తాను, నిలబడింది! ఫ్రిజ్, ఏసీ, మిక్సీ అన్నీ వేశాను, కదల్లేదు. మాస్టారూ, మీరు మా ఇంట్లో ఉండి చూసినట్టే చెప్పారు.

తక్కువ వేడిలో కూడా చూశాను. అందులో 25 నిమిషాలు పట్టింది పడటానికి.

ఇంకో మాట, ఆ టెస్ట్ బటన్ నొక్కాను, టక్కున పడింది. అంటే అది బాగున్నట్టే కదా?

ఉప్పల్_మెకానిక్ · శనివారం, మధ్యాహ్నం 1.30

చెప్పిన కదా అక్కా, హీటరే. బోర్డు 9,800 మిగిలినయి. టెస్ట్ బటన్ నొక్కుడు మంచి అలవాటు, నెలకోసారి నొక్కు. చాన మంది కొన్న కాడికెల్లి ఒక్కసారి కూడ నొక్కరు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్ · శనివారం, మధ్యాహ్నం 2.10

హీటర్ అనే ఒప్పుకుంటాను. కానీ సర్వీసతను మెగ్గర్ పెట్టి బాగుందన్నాడు కదా, దానికేమంటారు? నా ఉద్దేశంలో తేమ. గొట్టం రకం హీటర్‌లో తీగ చుట్టూ తెల్ల పొడి నింపుతారు, అది గాలిలో తేమను పీలుస్తుంది. మూడు నెలలు వాడలేదు, ఇప్పుడు వానలు. మా గీజర్‌కు అలాగే అయింది.

మెగ్గర్_మాస్టారు · శనివారం, మధ్యాహ్నం 3.40

మంచి ప్రశ్న. తేమ అయితే ముందు నుంచే పేచీ పెట్టాలి, కాలేకొద్దీ తేమ ఆరిపోయి దారికి రావాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిమంతుడు, వేడెక్కితే తగువు, చల్లారితే మళ్లీ బుద్ధిమంతుడు. పైగా తక్కువ వేడిలో రెట్టింపు సమయం పట్టింది. ఇది వేడికి సాగే వస్తువు చేసే పని. చాలా డ్రైయర్లలో హీటర్ గొట్టం రకం కాదు. రేకు డబ్బాలో పింగాణీ దిమ్మల మీద స్ప్రింగులా చుట్టిన బయటి తీగే. అది వేడికి సాగి, వేలాడి, రేకును ముట్టుకుంటుంది. సర్వీసతను చల్లటి మెషీన్‌కు మెగ్గర్ పెట్టాడు. అప్పుడది వందల మెగా ఓమ్‌లు, అంటే లీకేజీ లేదని, చూపినా ఆశ్చర్యం లేదు. జ్వరం లేనప్పుడు థర్మామీటర్ పెట్టి ఆరోగ్యం బాగుందన్నట్టు.

వేడిగా ఉన్నప్పుడు కొలవాలి. దీనికి మెగ్గర్ కూడా అక్కర్లేదు, మామూలు మల్టీమీటర్ చాలు. కోఠి గుజరాతీ గల్లీలో మూడు నాలుగు వందలకు దొరుకుతుంది.

మెషీన్‌ను వేడిలో తిప్పు. పడగానే ప్లగ్ పీకు. మీటర్‌ను 200 ఓమ్‌ల దగ్గర పెట్టి, చేతిలో ఉన్న ప్లగ్ టాప్ పిన్నుల మీదే చూడు. గోడ సాకెట్‌లో మాత్రం పెట్టకు! పైన లావు పిన్ను ఎర్త్. ఒక మొన దాని మీద ఉంచి, రెండోది కింద పిన్నుల మీద ఒక్కోదానికీ ఆనించు. 1 అని చూపిస్తే తగలడం లేదని. ఏదైనా అంకె వస్తే రాసుకుని, మొన తీయకుండా అలాగే పట్టుకుని కూర్చో.

కొన్ని మెషీన్లలో ఆగగానే హీటర్‌కు రెండు వైపులా తెగిపోతుంది. వాటిలో ఈ పరీక్షలో ఏమీ కనబడదు. నీది అలాంటిది కాదు. స్విచ్ ఆపినా పడుతోందంటేనే ఒక వైపు కలిసి ఉందని అర్థం.

కొంపల్లి_కుర్రాడు · శనివారం, సాయంత్రం 4.02

63 మాట వెనక్కి తీసుకుంటున్నా. పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నా. 🍿

నిజాంపేట_శ్రీ · ఆదివారం, మధ్యాహ్నం 12.25

మావారు కోఠి వెళ్లి 350కి మీటర్ తెచ్చారు. ఈ రోజు పొద్దున్న కూర్చున్నాం.

మెషీన్ 12 నిమిషాలకు పడింది. నేను ప్లగ్ పీకి గట్టు మీద పెట్టాను. మావారు ఎర్ర మొన, నల్ల మొన పట్టుకున్నారు, నేను ఫోన్ టార్చ్ వేశాను. ఫేజ్ పిన్నుకూ ఎర్త్‌కూ మధ్య 1. అంటే లేదు. న్యూట్రల్ పిన్నుకు ఆనించారు. 17.3. కాసేపు మేమిద్దరం మాట్లాడలేదు.

అలాగే పట్టుకుని కూర్చున్నాం. 17.3, 17.2, మధ్యలో 19 అయి మళ్లీ 17. యుటిలిటీ తలుపు మూసుకున్నాం చప్పుడు వినబడాలని. నాలుగో నిమిషం దాటాక మెషీన్ లోపల్నుంచి చిన్న చప్పుడు, టిక్‌మని, పోపులో ఆవగింజ చిటపటలాడినట్టు. అదే క్షణంలో మీటర్ 1కి పోయింది. ఇక ఎంతసేపు చూసినా 1 మీదే.

ఆయన "మళ్లీ చేద్దాం" అన్నారు. మళ్లీ చేశాం! ఈసారి మెషీన్ వేడిగానే ఉంది కాబట్టి 5 నిమిషాలకే పడింది. మళ్లీ 17. మళ్లీ టిక్.

మెగ్గర్_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 12.50

శెభాష్! ఇంత శుభ్రంగా చేసిన పరీక్ష నా సర్వీసులో జూనియర్ల దగ్గర కూడా చూడలేదు.

ఇప్పుడు కొంచెం లెక్క. మెషీన్ మీద హీటర్ 2,000 వాట్లని ఉంటే, 230ని 230తో గుణించి 2,000తో భాగిస్తే 26 చిల్లర వస్తుంది. మొత్తం తీగ నిరోధం సుమారు 26 ఓమ్‌లు. న్యూట్రల్ చివర నుంచి 17 ఓమ్‌ల దూరంలో రేకుకు తగులుతోంది. అంటే తీగలో దాదాపు మూడింట రెండు వంతుల దగ్గర. నడుస్తున్నప్పుడు ఆ చోట 150 వోల్టుల దాకా ఉంటుంది. అందుకే తగిలిన క్షణంలోనే పడిపోతోంది.

ఆపాక కూడా ఎందుకు నిలబడదో ఇప్పుడు చూడు. ఇంట్లో లోడు నడుస్తుంటే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండటం మామూలే. 2 వోల్టులనుకో. దారిలో కాయిల్ 17, ఎర్త్ పిట్ వగైరా కలిపి 40 ఓమ్‌లనుకున్నా 50 మిల్లీ యాంప్స్. 30 వాడు ఊరుకుంటాడా?

మెకానిక్‌ను పిలిచి వెనక రేకు విప్పించు. ఫేజ్ వైర్ వచ్చే చివర నుంచి మూడో వంతు దగ్గర చూడమను.

ఉప్పల్_మెకానిక్ · ఆదివారం, మధ్యాహ్నం 1.15

మాస్టారూ దండం! మేమైతే విప్పి కండ్లతో చూస్తం, మీరు విప్పకుండనే జాగ చెప్పిన్రు.

అక్కా, మీ దిక్కు ఎవరైనా డ్రైయర్ పని తెలిసినోళ్లను పిలువు. మీరు విప్పకున్రి, రేకు అంచులు బ్లేడు లెక్క ఉంటయి. వచ్చినోడు కాయిల్‌ను పట్కారుతోని పైకి నొక్కి "అయిపోయింది" అంటే ఒప్పుకోకు. ఒకసారి వేలాడిన తీగ సాగి పల్చగైతది, ఆడనే ఎక్కువ కాలి రెండు నెలల్ల తెగుతది. డబ్బాతో సహా కొత్తది వేయించు. ఇంకోటి, ఎందుకు వేలాడిందో చూడమను. మూడున్నరేండ్లకు ఊకెనే వేలాడదు.

నిజాంపేట_శ్రీ · బుధవారం, రాత్రి 8.30

ఆలస్యమైంది, బోనాల రద్దీలో మెకానిక్ దొరకలేదు. ఈ రోజు ప్రగతినగర్ నుంచి ఒకాయన వచ్చాడు.

వెనక రేకు విప్పగానే నాకు ముందు కనబడింది హీటర్ కాదు, నూగు. పరుపు చింపితే వచ్చే దూదిలా బూడిద రంగు నూగు అంగుళం మందాన పేరుకుంది. మేం ముందున్న జాలీ ప్రతిసారీ దులుపుతాం. అయినా లోపల ఇంత!

హీటర్ పెద్ద అన్నం పళ్లెమంత రేకు డబ్బా. అందులో పింగాణీ దిమ్మల మధ్య తీగ చుట్టలు చుట్టలుగా ఉంది. ఒక దిమ్మ సగానికి విరిగింది. అక్కడ తీగ పొట్ట జారినట్టు కిందికి వేలాడుతోంది, రేకుకు బియ్యపు గింజంత ఎడం. వేలాడిన చోట రేకు మీద బఠాణీ గింజంత నల్ల మచ్చ, మధ్యలో మెరుస్తూ చిన్న గుంట. మావారు మీటర్ పెట్టి ఒక చివర నుంచి ఆ చోటుకు కొలిచారు, 9. రెండో చివర నుంచి 17. మాస్టారూ, మీ ఫొటో ఉంటే దేవుడి గదిలో పెట్టేదాన్ని.

మెకానిక్ తీగను పైకి నొక్కబోయాడు, ఉప్పల్ అన్న మాట గుర్తొచ్చి వద్దన్నాను. కొత్తది 3,400, కూలి 600.

ఇక ఎందుకు వేలాడిందంటే, అది మా తప్పే. పోయిన ఏడాది పావురాల బాధ పడలేక బాల్కనీకీ యుటిలిటీకీ వల కొట్టించాం. కొట్టినవాడు డ్రైయర్ పైపు మూతికి అడ్డంగా కూడా బిగించేశాడు. ఏడాదిగా వచ్చిన నూగంతా ఆ వలకు అంటుకుని, వాన తడికి అట్టకట్టి, కంబళి ముక్కలా తయారైంది. పైపు మూతి దాదాపు మూసుకుపోయింది. గాలి బయటికి పోకపోతే తీగ మీద గాలి ఆడదు, ఎర్రగా కాలి కాలి సాగిపోయిందని మెకానిక్ అన్నాడు. ఈ మధ్య బట్టలు ఆరడానికి ముప్పావు గంట పట్టేది గంటన్నర ఎందుకు పడుతోందో ఇప్పుడర్థమైంది. మేం ముసురు వల్లేమో అనుకున్నాం.

మల్కాజిగిరి_వదిన · బుధవారం, రాత్రి 8.52

అమ్మో, పావురాల వల! మాకూ ఉంది. డ్రైయర్ లేదనుకోండి, వంటింటి చిమ్నీ పైపుకు అడ్డంగా ఉందేమో రేపు పొద్దున్నే చూస్తాను.

ఆ నూగు అంటుకుంటే మామూలుగా మండదు, దీపావళి మతాబులా మండుతుంది. కాయిల్ రేకుకు తగిలి నిప్పురవ్వ రాలి ఉంటే ఏమయ్యేదో. అదీ ఆ పెద్ద స్విచ్ లేకుండా.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్ · బుధవారం, రాత్రి 11.45

తేమ అన్నది నేనే, ఓడిపోయాను. ఒక్క సందేహం. వేడి ఎక్కువైతే ఆపడానికి థర్మోస్టాట్ ఉంటుంది కదా, అది ఏం చేస్తున్నట్టు?

ఉప్పల్_మెకానిక్ · గురువారం, ఉదయం 7.20

అది పని చేసింది తమ్మీ. అది చూసేది గాలి వేడిని, తీగ వేడిని కాదు. గాలి ఆడకుంటే తీగ ముందుగాల ఎర్రగైతది, అటెన్క థర్మోస్టాట్ కాడికి వేడి పోయి అది ఆపుతది, చల్లారితే మళ్లీ వేస్తది. మళ్లీ మళ్లీ అట్ల ఎర్రగై, చల్లారి, ఎర్రగై. దిమ్మ పలిగేది గందుకే. అక్కా, కొత్త హీటర్ వేసినప్పుడు ఆ థర్మోస్టాట్‌లు కూడ చూపిచ్చినవా? పైపు మొత్తం విప్పి దులిపిచ్చు, వంపులల్ల ఇంకా ఉంటది.

నిజాంపేట_శ్రీ · గురువారం, మధ్యాహ్నం 2.15

చూపించానన్నా, మీటర్ పెట్టి బాగున్నాయన్నాడు. పైపు విప్పి దులిపాం, ఒక బకెట్ నిండింది. వలలో పైపు మూతి మేరకు గుండ్రంగా కత్తిరించి, పావురాలు దూరకుండా రేకు మూత పెట్టించాం, గాలి వస్తే తెరుచుకునేది.

ఈ రోజు వరసగా రెండుసార్లు నడిపాను, ఒక్కోసారి 45 నిమిషాలు. ఏదీ పడలేదు. ఆగాక వేడి మీదే ప్లగ్ పీకి మాస్టారు చెప్పినట్టు మూడు పిన్నులూ కొలిచాం. అన్నీ 1.

లంగోటీలు పెళపెళలాడుతున్నాయి. అత్తయ్య ఫ్రిజ్ మీద పసుపు బొట్టు పెట్టి వచ్చారు, అనవసరంగా దాన్ని ఆడిపోసుకున్నామని.

కొంపల్లి_కుర్రాడు · గురువారం, మధ్యాహ్నం 2.31

ఆ పాత కాయిల్ పారేయకండి అక్కా, ఆ 500 ఎలక్ట్రీషియన్‌కు గిఫ్ట్ ప్యాక్ చేసి పంపండి.

బోడుప్పల్_కొత్త సభ్యుడు · గురువారం, సాయంత్రం 6.05

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. మా ఇంట్లో గీజర్ ఆపి ఉన్నా, ఇన్వర్టర్ మీదికి మారినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడుతోంది. మాదీ కాయిలేనా?

మెగ్గర్_మాస్టారు · గురువారం, సాయంత్రం 6.20

ఇన్వర్టర్ అంటున్నావు కాబట్టి నాకు కాయిల్ మీద కాదు, న్యూట్రల్ మీద అనుమానం. ఇన్వర్టర్ పెట్టినవాడు ఆర్‌సీసీబీ ముందు న్యూట్రల్‌నూ, తర్వాత న్యూట్రల్‌నూ కలిపేశాడేమో. కొత్త చర్చ మొదలుపెట్టు నాయనా, డీబీ మూత తీసిన ఫొటో ఒకటి జత చెయ్యి. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాకే మూత తియ్యి.